లోడ్ పెరిగినప్పుడే డేటా పాడవుతోందా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక జిప్ ఫైల్ తెరుచుకోదు. ఒక రికార్డులో అంకె మారిపోతుంది. పరీక్షిద్దామని కూర్చుంటే అంతా సవ్యంగానే ఉంటుంది. ఇలాంటి తేడా కావాలన్నప్పుడు కనిపించదు కాబట్టి చాలామంది భాగాలు మారుస్తూ పోతారు: ముందు డిస్క్, తర్వాత కేబుల్, చివరికి సర్వరే. దానికన్నా పాడైన బైట్లను ఒకసారి నింపాదిగా చూడటం మేలు. అవి ఎక్కడ పాడయ్యాయో చాలాసార్లు వాటి తీరులోనే తెలిసిపోతుంది. కింది జవాబులు లినక్స్ సర్వర్లు నడిపేవాళ్ల కోసం.

మొట్టమొదట ఏం చేయాలి?

పాత బ్యాకప్‌లు చెరిగిపోకుండా ఆపండి. చాలాచోట్ల కొత్త బ్యాకప్ రాగానే అన్నిటికన్నా పాతది దానంతటదే పోతుంది. డేటా ఎప్పటినుంచి పాడవుతోందో తెలియనప్పుడు మిగిలిన ఒకే ఒక్క మంచి కాపీ ఆ పాతదే కావచ్చు.

పాడైన ఫైల్‌ను డిలీట్ చేయకండి. దాని మీద మంచి కాపీ రాసేయకండి. ముందు పక్కకి తీసి పెట్టండి. వాడేవాళ్లు గోల పెడుతున్నారని బ్యాకప్ నుంచి తెచ్చి అక్కడ పెట్టేస్తే ఆ పూటకి గండం గడుస్తుంది గానీ చేతిలో ఉన్న ఆధారం పోతుంది.

ఎఫ్ఎస్‌సీకే లాంటి, ఫైల్ సిస్టమ్‌ని సరిచేసే రిపేర్ టూల్స్ జోలికి అప్పుడే వెళ్లొద్దు. లోపం ర్యామ్‌లోనే ఉంటే, అదే ర్యామ్‌ని నమ్ముకుని జరిగే రిపేర్ బాగున్న చోట్లను కూడా చెడగొడుతుంది. తప్పనిసరైతే డిస్క్‌కి ఇమేజ్ (ఉన్నది ఉన్నట్టు మొత్తం కాపీ) తీసి, వేరే మెషిన్ మీద ఆ ఇమేజ్‌ని రిపేర్ చేయండి.

ఇది నిజంగా డేటా పాడవడమేనా?

ముందు ఈ అనుమానం తీర్చుకోవాలి. పాడైనట్టు కనిపించేవన్నీ పాడైనవి కావు.

నడుస్తున్న డేటాబేస్ ఫోల్డర్‌ని అలాగే కాపీ చేసి, ఆ కాపీ తెరుచుకోవడం లేదంటే అది సర్వర్ తప్పు కాదు. కాపీ మొదలైనప్పటి పేజీలు, పూర్తయ్యేనాటి పేజీలు వేర్వేరు క్షణాలకు చెందినవి. లోడ్ ఎక్కువుంటే ఆ తేడా ఇంకా పెరుగుతుంది. దీనికి డేటాబేస్‌తో వచ్చే బ్యాకప్ టూల్ గానీ, మొత్తం వాల్యూమ్‌ని ఒకే క్షణంలో పట్టే స్నాప్‌షాట్ గానీ వాడాలి.

తెలుగు అక్షరాలు ప్రశ్నార్థకాలుగా మారడం ఎన్‌కోడింగ్ గొడవ. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్ పాయింట్‌కి 3 బైట్లు పడతాయి. బైట్ల లెక్కన వాక్యాన్ని కోసే ప్రోగ్రామ్ మధ్యలో కోస్తే చివర చెత్త అక్షరం మిగులుతుంది. డిస్క్ నిండిపోయి సగం రాసిన ఫైల్, ఎఫ్‌టీపీలో ఆస్కీ మోడ్‌లో పంపిన బొమ్మల ఫైల్ కూడా ఈ కోవలోవే.

అన్నీ బాగానే ఉంటే, లోడ్ ఉన్నప్పుడే ఎందుకు వస్తుంది?

లోడ్ కొత్త లోపాన్ని పుట్టించదు. ఉన్నదాన్ని బయటపెడుతుంది. సర్వర్ ఖాళీగా ఉంటే ర్యామ్‌లో సగం తాకనే తాకదు. పని పెరిగేకొద్దీ పేజ్ క్యాష్ (చదివిన, రాసిన ఫైళ్లకి ర్యామ్‌లో ఉంచే కాపీలు) మిగతా ర్యామ్‌ని నింపుకుంటూ పోతుంది. ఆ చివర ఎక్కడో ఉన్న చెడ్డ సెల్ అప్పుడే వాడకంలోకి వస్తుంది. వేడి పెరుగుతుంది, పవర్ సప్లై మీద భారం పడి వోల్టేజ్ కాస్త జారుతుంది. అంచుల మీద నడుస్తున్న భాగాలు అక్కడే తడబడతాయి.

సాఫ్ట్‌వేర్‌లో అయితే కథ వేరు. రెండు ప్రాసెస్‌లు ఒకే ఫైల్‌లో ఒకేసారి వేలు పెట్టే అవకాశం మైక్రోసెకన్ల పాటే ఉంటుంది. నిమిషానికి పది రిక్వెస్టులు వచ్చే చోట అది ఏళ్ల తరబడి తగలకపోవచ్చు. సెకనుకి వేలు వస్తే రోజూ తగులుతుంది.

ఇంకో మాట: లోడ్ ఉన్నప్పుడు ఎక్కువ బైట్లు కదులుతాయి కాబట్టి తప్పులూ ఎక్కువే కనిపిస్తాయి. "గంటకి ఎన్ని" అని కాకుండా "ఎన్ని గిగాబైట్లకి ఒకటి" అని లెక్కేసి చూడండి. ఆ నిష్పత్తి లోడ్‌తో మారకపోతే వేడిని, వోల్టేజ్‌ని అనుమానించాల్సిన పని తక్కువ.

పాడైన ఫైల్‌ని చూసి కారణం ఎలా పట్టాలి?

మొత్తం వెతుకులాటలో ఎక్కువ ఫలితమిచ్చేది ఇదే. మంచి కాపీ, చెడ్డ కాపీ రెండూ దగ్గర పెట్టుకుని రెండు ఫైళ్లను పోల్చే సీఎంపీ కమాండ్‌ని మైనస్ ఎల్ ఆప్షన్‌తో నడపండి. తేడా ఉన్న ప్రతి బైట్‌కి ఒక వరుస వస్తుంది: బైట్ స్థానం, మొదటి ఫైల్‌లో విలువ, రెండో ఫైల్‌లో విలువ. స్థానం మామూలు దశాంశ సంఖ్యే గానీ విలువలు ఆక్టల్‌లో (8 ఆధారంగా రాసే సంఖ్యల్లో) ఉంటాయి. ఇది తెలియక లెక్కలు తప్పేవాళ్లు బోలెడుమంది. పైగా స్థానాల లెక్క 1 నుంచి మొదలవుతుంది. 4096తో భాగించి చూసే ముందు ఒకటి తీసేయాలి.

ఒక ఉదాహరణ. బిల్లుల ఫైల్‌లో 1200 ఉండాల్సిన చోట 9200 వచ్చింది. ఎవరో తప్పు టైప్ చేశారనుకుంటాం. సీఎంపీ ఆ చోట 61, 71 అని చూపిస్తుంది. ఆక్టల్‌లో తేడా 10, అంటే మామూలు లెక్కలో 8. అంటే ఒకే ఒక్క బిట్ 0 నుంచి 1కి మారింది. మిగతా ఏడు బిట్లూ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. ఒకసారి ఇలా కనిపిస్తే కాకతాళీయం కావచ్చు. వేర్వేరు ఫైళ్లలోనూ అదే బిట్ మారుతుంటే దృష్టి ర్యామ్ మీదకి, ప్రాసెసర్ మీదకి వెళ్లాలి.

స్థానాన్ని 4096తో భాగించి వచ్చే శేషాన్ని కూడా రాసుకోండి. మామూలు ఎక్స్86 సర్వర్లలో కెర్నల్ ర్యామ్‌ని 4096 బైట్ల పేజీలుగా పంచుతుంది. చెడ్డ సెల్ ఒక పేజీలో ఎక్కడుందో అక్కడే ఉంటుంది, ఆ పేజీలోకి ఏ ఫైల్ వచ్చినా సరే. సంబంధం లేని నాలుగైదు ఫైళ్లలో శేషం ఒకటే వస్తే ఇక ర్యామ్ మాడ్యూల్ కోసం వెతకడమే.

పాడైన ముక్క పొడవు 512 గానీ 4096 గానీ అయి, సరిగ్గా ఆ హద్దు మీదే మొదలైతే అనుమానం స్టోరేజ్ దారి మీదకి మళ్లుతుంది. లోపల అన్నీ సున్నాలా, వేరే ఫైల్ సరుకా, అదే ఫైల్ పాత రూపమా అన్నది చూడండి. పాత రూపం కనిపిస్తే, రాశానని చెప్పిన డిస్క్ గానీ కంట్రోలర్ గానీ ఆ రాతని మధ్యలో పోగొట్టింది. వేరే ఫైల్ సరుకు ఉంటే రాత తప్పుడు చిరునామాకి వెళ్లి ఉండొచ్చు. సరిగ్గా 64 బైట్లు పాడైతే అది చాలా ప్రాసెసర్లలో ఒక క్యాష్ లైన్ (ర్యామ్‌కి, ప్రాసెసర్‌కి మధ్య ఒకేసారి కదిలే ముక్క) కొలత, అటువైపు చూడండి.

ఒక చోటు నుంచి చివరిదాకా అన్నీ తేడాగా కనిపిస్తే కంగారు పడొద్దు. మధ్యలో కొన్ని బైట్లు ఎగిరిపోయి గానీ చేరిపోయి గానీ మిగతాదంతా పక్కకి జరిగి ఉంటుంది. హార్డ్‌వేర్ బైట్లను మారుస్తుంది గానీ సాధారణంగా జరపదు. ఇది ప్రోగ్రామ్ పనే. లాగ్ ఫైల్‌లో ఒక లైన్ నడుమ ఇంకో లైన్ దూరినా అంతే.

ఒకే ఫైల్‌కి ఒకసారి ఒక చెక్‌సమ్, ఇంకోసారి వేరే చెక్‌సమ్ వస్తోంది. దీని అర్థం?

చెక్‌సమ్ అంటే ఫైల్‌లోని బైట్లన్నిటి నుంచి లెక్కగట్టే చిన్న గుర్తు, ఫైల్ మారకపోతే అదీ మారకూడదు. ఇలాంటి తేడా దొరకడం మీ అదృష్టం. ఫైల్‌ని మళ్లీ చదివినప్పుడు లినక్స్ డిస్క్ దాకా వెళ్లదు, పేజ్ క్యాష్‌లో ఉన్న కాపీనే ఇస్తుంది. అందుకని తప్పు చెక్‌సమ్ వస్తున్నప్పుడే ఆ ఫైల్‌ని వేరే మెషిన్‌కి కాపీ చేసి పెట్టుకోండి. తర్వాత సింక్ కొట్టి, కెర్నల్ వీఎం (వర్చువల్ మెమరీ) సెట్టింగ్స్‌లోని డ్రాప్ క్యాషెస్‌కి 1 రాసి, మళ్లీ చెక్‌సమ్ తీయండి. సర్వర్ కాసేపు నెమ్మదిస్తుంది, అంతకుమించి నష్టం లేదు.

ఇప్పుడు సరైన చెక్‌సమ్ వస్తే డిస్క్ మీద ఉన్నది బాగానే ఉంది. ర్యామ్‌లోని కాపీ పాడైంది, లేదా మొదటిసారి చదివే దారిలో పాడైంది. ఇంకా తప్పే వస్తుంటే, అదీ ప్రతిసారీ ఒకే తప్పు వస్తుంటే, పాడైనదే డిస్క్ మీదకి చేరింది. క్యాష్‌ని దాటవేసి డైరెక్ట్‌గా చదివినా ప్రతిసారీ కొత్త చెక్‌సమ్ వస్తుంటే కేబుల్, బ్యాక్‌ప్లేన్, కంట్రోలర్ చూడండి. ర్యామ్‌ని మాత్రం పూర్తిగా వదిలేయకండి, డైరెక్ట్‌గా చదివినా డేటా దిగేది దానిలోకే.

మాది ఈసీసీ ర్యామ్. ఇంకా ర్యామ్‌ని అనుమానించాలా?

అనుమానం తగ్గించుకోవచ్చు, వదిలేయకూడదు. మామూలు ఈసీసీ 64 బిట్ల డేటాకి 8 బిట్లు అదనంగా దాస్తుంది. ఒక బిట్ తప్పితే సరిచేస్తుంది, రెండు తప్పితే పట్టుకుని చెబుతుంది. అంతకన్నా ఎక్కువ తప్పితే హామీ లేదు. ర్యామ్ తప్పులు అరుదనుకునేవాళ్లకి ఒక లెక్క: గూగుల్ తన సర్వర్ల మీద జరిపి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడాదిలో 8 శాతానికి పైగా మాడ్యూళ్లలో సరిదిద్దదగిన తప్పులు కనిపించాయి.

ఈసీసీ మాడ్యూల్ పెట్టినంత మాత్రాన ఈసీసీ పనిచేస్తున్నట్టు కాదు. మదర్‌బోర్డ్, ప్రాసెసర్ రెండూ సహకరించాలి. డీడీఆర్4 సర్వర్‌లో హార్డ్‌వేర్ వివరాలు చూపే డీఎంఐడీకోడ్ కమాండ్ నడిపితే మొత్తం వెడల్పు 72, డేటా వెడల్పు 64 అని కనిపించాలి. రెండూ 64 అయితే ఈసీసీ లేనట్టే. డీడీఆర్5 చిప్‌ల లోపల ఉండే ఆన్-డై ఈసీసీని చూసి మోసపోవద్దు. అది చిప్ లోపలి తప్పుల వరకే, చిప్ నుంచి ప్రాసెసర్‌కి వచ్చే దారికి దానితో రక్షణ లేదు.

ర్యామ్ తప్పులను లెక్కపెట్టి రాసే రాస్‌డెమన్ ఇన్‌స్టాల్ చేసి ఉంచండి. సరిచేసిన తప్పుల లెక్క ఒకే స్లాట్‌లో పెరుగుతూ పోతుంటే ఆ మాడ్యూల్‌ని మార్చేయండి. "సరిచేస్తోంది కదా, ఉండనీ" అనడం నాకు నచ్చని వాదన.

మెమ్‌టెస్ట్ రాత్రంతా నడిపాం, ఒక్క తప్పూ రాలేదు. ర్యామ్ బాగున్నట్టేనా?

తప్పు వస్తే ర్యామ్ వైపు లోపం ఉందని గట్టిగా చెప్పొచ్చు. రాకపోతే అంత గట్టిగా చెప్పలేం. మెమ్‌టెస్ట్ నడిచేటప్పుడు డిస్కులు, నెట్‌వర్క్ కార్డ్ ఖాళీగా కూర్చుంటాయి. మీ సమస్య వచ్చేది అన్నీ ఒకేసారి ర్యామ్ మీద పడ్డప్పుడు. స్ట్రెస్‌యాప్‌టెస్ట్ ర్యామ్‌తో పాటు డిస్క్‌కి, నెట్‌వర్క్‌కి కూడా పని పెడుతుంది, దాన్ని నడపండి. బయాస్‌లో ఎక్స్‌ఎంపీ లాంటి ఓవర్‌క్లాక్ ప్రొఫైల్ ఉంటే తీసేయండి. సర్వర్‌లో దానికి చోటు లేదు. సగం మాడ్యూళ్లు తీసి నడిపి, తర్వాత మిగతా సగంతో నడపడం మోటు పద్ధతే, కానీ పనిచేస్తుంది.

డిస్క్ మారిస్తే పోదా?

చాలామంది ముందు చేసే పని ఇది, చాలాసార్లు వృథా ఖర్చు. డిస్క్ తను రాసే ప్రతి సెక్టార్‌కీ సొంతంగా ఎర్రర్ కరెక్షన్ కోడ్ పెట్టుకుంటుంది. చదవలేకపోతే సాధారణంగా తప్పు డేటా ఇవ్వదు, చదవలేనని ఎర్రర్ ఇస్తుంది. ఆ ఎర్రర్ కెర్నల్ సందేశాలు చూపే డీమెసెజ్‌లో కనిపిస్తుంది. ఏ ఎర్రరూ లేకుండా డేటా మారిందంటే డిస్క్ పళ్లేల కన్నా అటూ ఇటూ ఉన్నవాటినే చూడాలి. ఫర్మ్‌వేర్ లోపాలు ఇందుకు మినహాయింపు. విడుదల నోట్స్ చదివి కొత్త ఫర్మ్‌వేర్ ఉంటే వేయండి.

డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే ఉంచుకునే స్మార్ట్ లెక్కల్లో సాటా డిస్కులకి 5, 197, 198 నంబర్లు డిస్క్ ఉపరితలం గురించి చెబుతాయి. 199 మాత్రం కేబుల్ గురించి. అది పెరుగుతుంటే డిస్క్‌కి, కంట్రోలర్‌కి మధ్య బిట్లు చెడుతున్నాయి. పట్టుబడినవాటిని మళ్లీ పంపుతారు కాబట్టి అదొక్కటే డేటాని పాడుచేయదు. కానీ ఆ దారి బాగాలేదని చెప్పడానికి అది చాలు. పాత లెక్క తగ్గదు కాబట్టి ఈరోజు సంఖ్య రాసుకుని, లోడ్ తర్వాత మళ్లీ చూడండి.

రెయిడ్ ఉంది కదా?

రెయిడ్, అంటే కొన్ని డిస్కులను కలిపి ఒకటిగా నడిపే ఏర్పాటు, ఒక డిస్క్ చనిపోతే కాపాడుతుంది. డిస్క్ అబద్ధం చెబితే కాదు. రెండు కాపీల్లో ఏది నిజమో, ఒకే డేటాని రెండు డిస్కుల్లో ఉంచే రెయిడ్ 1కి తెలియదు. లినక్స్ ఎండీ రెయిడ్‌లో చెక్ నడిపి తేడాల లెక్క చూడండి. రిపేర్ మాత్రం నడపొద్దు. రెయిడ్ 5లో రిపేర్ అంటే డేటానే నిజమనుకుని ప్యారిటీని (పోయిన డేటాని తిరిగి లెక్కగట్టడానికి దాచిన అదనపు బిట్లను) తిరగరాయడం. ఆ పాడైన డేటాని సరిచేసే ఆఖరి అవకాశం దాంతో పోతుంది. రెయిడ్ 1 మీద స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్క్ చోటు) ఉంటే ప్రమాదం లేని తేడాలు కూడా కనిపిస్తాయి, చూసి టెన్షన్ పడకండి.

నెట్‌వర్క్‌లో పాడయ్యే అవకాశం ఉందా? టీసీపీ చెక్‌సమ్ చూసుకోదా?

టీసీపీ చెక్‌సమ్ 16 బిట్లే, పైగా బలహీనమైన కూడిక లెక్క. 16 బిట్ల ముక్కలు రెండు చోట్లు మారినా దానికి తెలియదు. ఈథర్నెట్ వేసే సీఆర్‌సీ అనే చెక్‌సమ్ బలమైనదే గానీ దారిలోని ప్రతి రౌటర్ దాన్ని విప్పి కొత్తగా వేస్తుంది. రౌటర్ లోపలి ర్యామ్‌లో పాడైతే పాడైనదానికే కొత్త సీఆర్‌సీ పడుతుంది. స్టోన్, పాట్రిడ్జ్ అనే పరిశోధకులు 2000లో ఇచ్చిన అంచనా ప్రకారం, కోటీ 60 లక్షల ప్యాకెట్లకి ఒకటి నుంచి వెయ్యి కోట్లకి ఒకటి దాకా టీసీపీ కన్నుగప్పి పోవచ్చు.

ఎస్‌ఎస్‌హెచ్ మీద పెద్ద ఫైళ్లు పంపుతుంటే "కరప్టెడ్ మ్యాక్ ఆన్ ఇన్‌పుట్" అని కనెక్షన్ తెగిపోతోందా? టీసీపీ సరేనన్న డేటాని ఎస్‌ఎస్‌హెచ్ పట్టేసిందన్నమాట. తిట్టుకోకుండా దాన్ని సాక్ష్యంగా తీసుకోండి. ఎత్‌టూల్ కమాండ్‌తో చెక్‌సమ్ ఆఫ్‌లోడ్ (ఆ లెక్కని నెట్‌వర్క్ కార్డ్‌కి అప్పగించడం) ఆపి చూడండి. దాంతో ఆగితే నెట్‌వర్క్ కార్డ్ గానీ దాని డ్రైవర్ గానీ అనుమానితుల్లో ముందుకొస్తుంది.

ప్రాసెసర్ లెక్క తప్పుతుందా?

తప్పుతుంది. ఫేస్‌బుక్ ఇంజనీర్లు 2021లో ఇలాంటి కేసుని బయటపెట్టారు. 1.1ని 53వ ఘాతానికి పెంచి పూర్ణసంఖ్య తీస్తే 156 రావాలి. ఒక ప్రాసెసర్‌లోని ఒకే ఒక్క కోర్ దానికి 0 ఇచ్చింది. ఆ లెక్క ఫైల్ సైజుకి సంబంధించినది కావడంతో, ఉన్న ఫైళ్లు లేనట్టుగా తేలాయి. ఏ లాగ్‌లోనూ ఎర్రర్ లేదు. అరుదైన సంగతే, అందుకే దీన్ని చివరికి ఉంచుకోండి. టాస్క్‌సెట్ కమాండ్‌తో ఒకే పనిని ఒక్కో కోర్ మీద విడివిడిగా నడిపి ఫలితాలు పోల్చడమే పరీక్ష.

మా ప్రోగ్రామే తప్పు చేస్తోందని ఎలా తెలుస్తుంది?

అదే ప్రోగ్రామ్ వేరే కంపెనీ హార్డ్‌వేర్ మీద కూడా పాడుచేస్తుంటే హార్డ్‌వేర్‌ని వదిలేయండి. కోడ్‌లో ముందు మూడు చోట్లు చూస్తాను. రైట్ కాల్ అడిగినన్ని బైట్లు కాకుండా తక్కువ రాసి తిరిగొస్తే మిగతావి రాస్తున్నారా? ఉన్న ఫైల్ మీదే తిరగరాస్తున్నారా, లేక తాత్కాలిక ఫైల్‌లో రాసి, ఎఫ్‌సింక్ చేసి (డేటాని డిస్క్‌కి చేర్చమని కెర్నల్‌కి చెప్పి), ఆ తర్వాత రీనేమ్ చేస్తున్నారా? మొదటి పద్ధతిలో సగం రాసిన ఫైల్‌ని ఇంకొకరు చదివేస్తారు. మూడోది తాళాలు: రాసేవాళ్లందరూ ఒకే తాళాన్ని పాటిస్తున్నారా? లినక్స్‌లో ఫైల్ లాక్‌లు మాట మీద నడిచేవి. పాటించని ప్రాసెస్‌ని అవి ఆపవు.

ఎఫ్‌సింక్ ఫెయిలైతే మళ్లీ ప్రయత్నించి సక్సెస్ వచ్చిందని ఊపిరి పీల్చుకోవడం ప్రమాదం. ఫెయిలైన తర్వాత కెర్నల్ ఆ పేజీలను రాసేసినట్టుగా గుర్తు పెట్టేయవచ్చు. రెండోసారి సక్సెస్ అన్నా డేటా డిస్క్‌కి చేరి ఉండకపోవచ్చు. 2018లో పోస్ట్‌గ్రెస్ డెవలపర్లు దీని మీద పెద్ద చర్చే చేశారు. తర్వాతి వెర్షన్లలో ఎఫ్‌సింక్ ఫెయిలైతే సర్వర్ ఆగిపోయి, లాగ్ నుంచి కోలుకునేలా మార్చారు.

సమస్యని కావాలని రప్పించడం ఎలా?

డిస్క్ మీద రాసి, చదివి పరీక్షించే ఫియో టూల్‌ని వెరిఫై ఆప్షన్‌తో, పరీక్షకి పెట్టుకున్న వేరే ఫైల్ మీద నడపండి. పక్కన ప్రాసెసర్‌కీ నెట్‌వర్క్‌కీ కూడా పని పెట్టండి. సొంత స్క్రిప్ట్ రాస్తే ప్రతి 4096 బైట్ల బ్లాక్‌లోనూ ఫైల్ పేరు, బ్లాక్ నంబర్, ఎన్నోసారి రాసింది, చెక్‌సమ్ ఉంచండి. అప్పుడు పాడైన బ్లాక్ తన ఊరూ పేరూ తనే చెబుతుంది.

ఒకసారికి ఒకటే మార్చండి. ఎంతసేపు ఆగాలన్నది చాలామంది తప్పే చోటు. తప్పు సగటున 3 గంటలకి ఒకటి వస్తుందనుకోండి. ఒక కేబుల్ మార్చి 3 గంటలు నడిపితే ఏమీ రాలేదు. సమస్య పోయిందా? ఏమీ మార్చకపోయినా అలా ఖాళీగా గడిచే అవకాశం దాదాపు 37 శాతం ఉంది. 9 గంటలు నడిపితే అది 5 శాతానికి దిగుతుంది. కాబట్టి కనీసం మూడింతల సమయం నడపనిదే దేన్నీ నిర్దోషిగా వదలొద్దు. అనుమానం తేలాక పాత భాగాన్ని తిరిగి పెట్టి, సమస్య మళ్లీ వస్తుందో లేదో కూడా చూడాలి. కేబుల్ ఊడదీసి పెట్టడంతోనే కుదురుకున్న కేసులు ఉంటాయి.

కారణం దొరికింది. ఇప్పటికే ఏ ఫైళ్లు పాడయ్యాయో తెలిసేదెలా?

లోపం మొదలవకముందు నాటి బ్యాకప్‌తో ఆర్‌సింక్‌ని చెక్‌సమ్ ఆప్షన్‌తో, ఏదీ రాయని డ్రై రన్‌లో పోల్చండి. సైజు, మార్చిన తేదీ అలాగే ఉండి లోపలి సరుకు మాత్రం మారిన ఫైళ్లే మీకు కావలసినవి. తేదీ మారిన ఫైళ్ల విషయం కష్టం. వాటిని అప్లికేషనే పరీక్షించాలి: జిప్‌లకు టెస్ట్ ఆప్షన్, పోస్ట్‌గ్రెస్‌కి ఆమ్‌చెక్, మైఎస్‌క్యూఎల్‌కి చెక్ టేబుల్. ఇండెక్స్ పాడైతే తిరిగి కట్టుకోవచ్చు. టేబుల్ పాడైతే బ్యాకపే గతి.

ఇకముందు వెంటనే తెలిసేలా ఏం పెట్టుకోవాలి?

ఫైల్ సిస్టమ్‌లలో ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్ మెటాడేటాకి (ఫైళ్ల పేర్లు, చోట్లు లాంటి వివరాలకి) మాత్రమే చెక్‌సమ్ పెడతాయి, మీ ఫైళ్ల లోపలి సరుకుకి కాదు. జెడ్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ రెండింటికీ పెడతాయి. వాటిలో స్క్రబ్‌ని (మొత్తం డేటాని చదివి చెక్‌సమ్‌తో సరిచూడటాన్ని) క్రమం తప్పకుండా నడిచేలా షెడ్యూల్ చేయండి. స్క్రబ్‌లో అన్ని డిస్కుల మీదా ఒకేసారి చెక్‌సమ్ తప్పులు వస్తే డిస్కులన్నీ ఒకేరోజు చెడ్డాయనుకోకండి. వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్న ర్యామ్, కంట్రోలర్, పవర్ సప్లై చూడండి.

పోస్ట్‌గ్రెస్ 18 నుంచి కొత్తగా మొదలుపెట్టే డేటాబేస్‌లకి పేజీ చెక్‌సమ్‌లు వాటంతటవే ఆన్ అవుతాయి. పాతవాటికి పీజీ చెక్‌సమ్స్ టూల్‌తో ఆన్ చేయాలి, అందుకు సర్వర్‌ని ఆపాలి. పెద్ద డేటాబేస్ అయితే ప్రతి పేజీనీ తిరగరాస్తుంది కాబట్టి గంటలు పట్టొచ్చు, డౌన్‌టైమ్ ముందే అడిగి పెట్టుకోండి.